నిండుచేతుల రవిక

హుసేనమ్మకు తెల్లచీర కట్టే యోగం పట్టిన రోజునే ఆమె చేతుల మీద పంచాయితీ మొదలైంది.

ఆదోనిలో పత్తి వ్యాపారులు చందాలు వేసుకొని కట్టించిన చిన్న పురుటి ఆస్పత్రి అది. ఆదోని బళ్ళారి జిల్లాను వదిలి కర్నూలు జిల్లాలో కలిసిన మరుసటేడు సంగతి. అప్పటిదాకా హుసేనమ్మ అక్కడ ఆయా. నేల తుడిచేది, మైలగుడ్డలు ఉతికేది, నొప్పులు పడే ఆడవాళ్ళ నడుము పట్టేది. ఆయాగా ఉన్నన్నాళ్ళు ఆమె చేతులకేసి ఎవరూ చూడలేదు. మైలగుడ్డలు పిండే చేతులు ఎట్లా ఉంటే ఎవరికేం? పెద్ద నర్సు శాంతకుమారి పట్టుబట్టి ఆమెకు చదువు చెప్పించి, కాన్పుల పని నేర్పే తరగతిలో చేర్పించి, చివరికి చిన్న నర్సును చేసింది. తెల్లచీర, తెల్లరవిక, తలకు తెల్లగుడ్డ. అంత తెలుపు మధ్యలోంచి మోచేతి దగ్గర మొదలై మణికట్టు దాకా రెండు చేతుల పచ్చబొట్లూ బయటపడ్డాయి.

కుడిచేతి మీద తేలు, దాని చుట్టూ చుక్కల ముగ్గు. ఎడమచేతి మీద తులసికోట, దానికి అటూ ఇటూ రెండు నెమళ్ళు. నెమళ్ళని పొడిచినామె చెప్పింది గాని, చూసినవాళ్ళందరూ కోళ్ళనే అనుకునేవారు. ఇవిగాక గడ్డం మీద ఒక చుక్క.

వాటిని ఆమె కోరి పొడిపించుకోలేదు. వాళ్ళది కోసిగి దగ్గర పల్లె, కూలి చేసుకొని బతికే ఇల్లు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు శ్రావణమాసంలో ఉరుకుంద జాతరకు పోతే, నాయనమ్మ, ఆమె పిలుపులో జేజి, ఆమెను ఒళ్ళో అదిమిపట్టుకొని పచ్చలు పొడిచే ముసలామె ముందు చేతులు చాపించింది. హుసేనమ్మ జాతరంతా వినపడేటట్టు ఏడ్చింది. "ఏడవగాకే. నగలు దొంగలెత్తకపోతారు, సీరలు సినిగిపోతాయి. సచ్చినాక మన యెంట వచ్చేది ఈ పచ్చొకటే" అని జేజి ఓదార్చింది. చచ్చిన తర్వాతి సంగతి ఎవరు చూశారో గాని, బతికుండగా మాత్రం ఆ మాట నిజమైంది. పెండ్లయిన కొద్దికాలానికే మొగుడు వాంతిభేదుల్లో పోయాడు. గాజులు పగలగొట్టారు, బొట్టు చెరిపారు, మెట్టెలు తీశారు. పచ్చను మాత్రం ఎవరూ ఏమీ చేయలేకపోయారు. దాంతోనే ఆమె ఆదోని వచ్చి, కొన్నాళ్ళు పత్తి మిల్లులో గింజలు ఏరి, ఆ తర్వాత ఆస్పత్రిలో చేరింది.

తెల్లచీర కట్టిన వారంలోనే కమిటీ పెద్దమనిషి భార్య, పురిటికొచ్చిన కోడలిని చూడటానికి వచ్చింది. మంచం మీద దుప్పటి సర్దుతున్న హుసేనమ్మ చేతులు చూసి, ఆమెకు వినపడేటట్టే శాంతకుమారితో అంది.

"ఏమమ్మా, మేము ఆస్పత్రికి వచ్చినామా, శెనక్కాయ చేనికి వచ్చినామా?"

ఆ మాట అన్నావిడ ముంజేతుల నిండా బంగారు గాజులు. ఆ గాజుల సందున ఆమెకు కూడా నాలుగు పచ్చబొట్టు చుక్కలున్నాయి. అయితే బంగారం కప్పిన పచ్చ, పచ్చ కిందికి రాదు.

శాంతకుమారి చెడ్డది కాదు. గుంటూరు అవతలి మనిషి, మిషను బడిలో చదువుకొని, ఇస్త్రీ నలగని చీరతో రోజంతా గొడ్డులా పనిచేసేది. ఆమెకు ఒక సిద్ధాంతం ఉండేది. నర్సును చూడగానే రోగికి సగం జబ్బు నయం కావాలి. అందుకు శుభ్రంగా ఉంటే చాలదు, శుభ్రంగా కనిపించాలి.

"నీ చేతులు శుభ్రమైనవేనని నాకు తెలుసు హుసేనమ్మా" అంది, సాయంత్రం తన గదిలోకి పిలిచి. "కానీ అలా కనిపించడం లేదు."

"ఎంత తోమినా ఇంతే సిస్టరమ్మా."

"తోమితే పోదని నాకూ తెలుసు. రేపు దర్జీ దగ్గరికి వెళ్ళి మణికట్టు దాకా చేతులుండేలా రవికలు కుట్టించుకో. కమిటీవాళ్ళు నిన్ను మళ్ళీ చీపురు పట్టమంటే నేనేం చెయ్యలేను."

గడ్డం మీది చుక్కకు తన పౌడరు డబ్బా ఇచ్చింది. హుసేనమ్మ రెండు రోజులు రాసుకుంది. పిండి డబ్బాలో మూతి పెట్టినట్టుందని పురిటివాళ్ళు నవ్వడంతో శాంతకుమారే మానిపించింది. ఒక్క చుక్కే కదా, పుట్టుమచ్చ అని చెప్పుకోవచ్చని సర్దుకుంది.

దర్జీ కొలతలు తీసుకుంటూ ఆగిపోయాడు. "ఎండలు మొగమ్మీదికొచ్చె. ఆదోనిలో సలికాలంలో గూడా నిండుచేతులు అడిగినోళ్ళు లేరమ్మా. ఎవురికి, నీకేనా?" అని రెండుసార్లు అడిగి మరీ కుట్టాడు.

రవికలు వచ్చాయి. చిక్కు కూడా వచ్చింది. ఆస్పత్రికి బళ్ళారి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి పోతుండేది. పురుటి గదిలో అడుగుపెట్టే ప్రతి మనిషీ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలని ఆమె పట్టు. మొదటిరోజే హుసేనమ్మను చూసి, "ఏనమ్మా ఇది, చేతులు సంచుల్లో పెట్టుకొని కాన్పు చేస్తావా? ఎత్తు పైకి" అంది. డాక్టరమ్మ చూస్తే ఎత్తాలి, శాంతకుమారి చూస్తే దించాలి. ఇద్దరూ ఒకే గదిలో ఉన్ననాడు హుసేనమ్మ ఒక చేయి ఎత్తి, ఒక చేయి దించి నిలబడింది. చివరికి శాంతకుమారి మధ్యేమార్గం చెప్పింది. పురుటి గది లోపల ఎత్తాలి, గడప దాటగానే దించాలి. కడిగిన చేయి ఆరకముందే దించడం వల్ల రవిక చేతులు ఎప్పుడూ తడితడిగా ఉండేవి. మోచేతి మడతల్లో ఒరుసుకుపోయి దురద పుట్టింది.

ఇన్ని తంటాలు పడేకంటే పచ్చనే పోగొట్టుకుంటే సరిపోతుంది కదా అనిపించింది హుసేనమ్మకు. చాకలివాళ్ళు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి ఒంటికి తగిలితే చర్మం ఊడివస్తుందని ఆమె చిన్నప్పుడు విని ఉంది. చర్మం ఊడితే దానితోపాటు పచ్చ కూడా ఊడాలి కదా. ఒక సెలవునాడు గింజ చిదిమి, ఆ రసం తేలు తోక దగ్గర మొదలుపెట్టి రాసుకుంది. గుర్తు పెట్టే గింజతో గుర్తు చెరపబోయింది పాపం. తెల్లారేసరికి చేయి సొరకాయలా వాచి, బొబ్బలు లేచి, జ్వరం తగిలింది.

శాంతకుమారి కట్టు విప్పి చూసింది.

"నేను కప్పుకోమన్నాను. కాల్చుకోమన్నానా?"

"కాలిస్తే కప్పుకునే పని ఉండదు గదా అనుకుంటిని సిస్టరమ్మా."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవురూ సెప్పలా. నాకే తోచినాది."

శాంతకుమారి మొహం పక్కకు తిప్పుకుంది. ఆ తర్వాత పుండు మానేదాకా కట్టు కట్టే పని ఇంకెవరికీ ఇవ్వలేదు. రోజూ తానే కడిగి, తానే మందు వేసి, కడుగుతున్నంతసేపూ తిట్టేది. పుండు మానింది. తేలు తోక పోయింది. అయితే మిగిలిన తేలు మాత్రం ముడతపడిన చర్మం మీద పైకి లేచి, మునుపటికంటే బాగా కనిపించసాగింది. పైగా గాలి తగలని రవిక కింద ఆ మచ్చ అప్పుడప్పుడూ చిట్లి, తెల్లగుడ్డ మీద చిన్న మరక వేసేది.

ఆ ఏడే కమిటీవాళ్ళు ఎమ్మిగనూరులో రెండు గదుల పురుటి కేంద్రం తెరిచారు. చుట్టూ నేతగాళ్ళ ఇళ్ళు, పొద్దస్తమానం మగ్గాల చప్పుడు. అక్కడికి ఎవరిని పంపాలనే మాట వచ్చినప్పుడు శాంతకుమారి మరో ఆలోచన లేకుండా హుసేనమ్మ పేరు చెప్పింది.

"అక్కడివాళ్ళ మాట నీకు తెలుసు, నీ మాట వాళ్ళకు తెలుసు. ఇక్కడి నర్సు పిల్లలెవరు వెళ్ళినా వాళ్ళు తలుపు తియ్యరు" అంది. బస్సెక్కించేటప్పుడు మళ్ళీ గుర్తుచేసింది. "చేతులు జాగ్రత్త. మన ఆస్పత్రి పరువు నీ రవికలోనే ఉంది."

పల్లె ఆడవాళ్ళలో ఒకతె కనుక ఆమెను పంపారు. వాళ్ళలో ఒకతెలా కనిపించకూడదని నిండుచేతులు తొడిగించి పంపారు. ఈ రెండూ ఎట్లా పొసుగుతాయని ఎవరూ అడగలేదు. హుసేనమ్మ కూడా అడగలేదు. ఆమెకు ఆ రోజు ఒకటే సంతోషం, కేంద్రానికి తానే పెద్ద.

పెద్దగా ఉండటానికి ఆటంకమేమీ రాలేదు, ఎందుకంటే ఇంకెవరూ రాలేదు. మంచాలకు తెల్లదుప్పట్లు పరిచి, నీళ్ళు కాచి, గుమ్మంలో కూర్చునేది. కాన్పుకు ఒక్క ఆడమనిషీ రాలేదు. తనే ఇల్లిల్లూ తిరిగింది. బస్సెక్కి నందవరం వైపు పల్లెలకు పోయింది. "మా కోడలు పుట్టింటికి పోయినాది" అనేవారు, ఆ కోడలు నిండుకడుపుతో తలుపు సందులోంచి చూస్తుండగానే.

ఒకరోజు బావి దగ్గర ఒక నేతగత్తె అడిగేసింది.

"నర్సమ్మా, ఈ ఉక్కకు మా మొగోళ్ళు అంగీలిడిసి మగ్గం కాడ కూసుంటాండారు. నువ్వు యాల ఆ సేతులు అట్ల మూసుకుంటావు?"

"అది మా ఆస్పత్రి రూలక్కా."

"ఆ రూలు నీకొక్కదానికేనా? ఆదోనిలో తక్కిన నర్సులు పొట్టిసేతులే తొడుగుతారు. మా సెల్లెలు ఆడ కనింది, సూసినాను."

హుసేనమ్మ నిండని బిందె ఎత్తుకొని వెళ్ళిపోయింది. ఆమె జవాబు చెప్పకపోవడమే జవాబైంది. రవిక మీది మరక అంతకుముందే నలుగురి కళ్ళలో పడి ఉంది. నర్సమ్మ చేతులకు కుష్టు పట్టిందని, అందుకే ఆదోని నుంచి తరిమేశారని ఊరంతా పాకిపోయింది. వారం తిరక్కుండా కేంద్రంలో నీళ్ళు పోసే మనిషి మానేసింది. కిరాణా కొట్టువాడు సరుకు చేతికివ్వకుండా అరుగు మీద పెట్టసాగాడు. శుభ్రంగా కనిపించడానికి తొడిగిన రవిక ఆమెను ఊరిలోకెల్లా మైలమనిషిని చేసింది. చేతులు చూపిస్తే చాలు, ఆ పుకారు పోతుంది. కానీ పైనున్నది ఆస్పత్రి పరువాయె. రాత్రి ఒంటరిగా పడుకున్నప్పుడు తప్ప ఆమె ఆ చేతులు పైకెత్తలేదు.

కుష్టు మాట శాంతకుమారి దాకా పోలేదు. కేంద్రం ఖాళీగా ఉందన్న మాట మాత్రం పోయింది. "అక్కడ నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావడం లేదు" అని బస్సు కండక్టరుతో కబురంపింది. ఆ కబురు చెప్పి కండక్టరు కూడా ఆమె నిండుచేతుల రవిక చూసి కాస్త ఎడంగా జరిగాడు.

నందవరం దాపున ఒక పల్లెలో మారెమ్మ అనే ముసలామె ఉండేది. ఊళ్ళో ఆడవాళ్ళకు ఆమె మాటంటే గురి. ఆమె కోడలు జయమ్మకు తొలి కాన్పు. ఊరి మంత్రసాని కొడుకు వెంట బళ్ళారి వైపు కూలికి వలసపోయి ఉంది. పొద్దున నొప్పులు మొదలైతే మధ్యాహ్నానికి కూడా తేలలేదు. ఆ రోజు హుసేనమ్మ, ఎప్పటిలాగే ఎవరూ తెరవని తలుపులు తట్టుకుంటూ, ఆ వీధిలోనే ఉంది. మూలుగు విని వాకిట్లోకి వచ్చింది.

"ఆడనే నిలబడు" అంది మారెమ్మ గడపకు అడ్డంగా.

"పిల్ల అవస్థ పడతాంది గదా అవ్వా. నన్ను సూడనీ."

"సూద్దువులే. ముందు నీ సేతులు సూపిచ్చి లోపలికి రా."

హుసేనమ్మ కదల్లేదు. మారెమ్మ వెనక అరుగు మీద ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గుంపుగా ఉన్నారు. లోపలినుంచి జయమ్మ కేక పెద్దగా వినిపించింది. సిస్టరమ్మ పరువు సంగతి తర్వాత చూసుకుందామనుకొని హుసేనమ్మ మణికట్టు దగ్గర గుండీలు విప్పి, రెండు చేతులూ మోచేతుల పైకి లాగింది. కుష్టు చూడబోతున్నామని ఆడవాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు.

"ఇదేంది, పచ్చ" అంది మారెమ్మ, మోసపోయినదానిలా.

"పచ్చే అవ్వా."

"దీన్నా నువ్వు ఇన్నాళ్ళూ దాసిపెట్టుకున్యావు? ఇదేమన్నా దొంగసొమ్మా?"

వెనక్కి పోయిన ఆడవాళ్ళు ఒకరిమీదొకరు పడుతూ ముందుకొచ్చారు. మారెమ్మ ఆమె కుడిచేయి పట్టుకొని ఎండలోకి తిప్పి, వేలితో తడిమి చూసింది. తన చేయి పక్కన పెట్టింది. అక్కడ కూడా అదే తేలు, ముసలి చర్మంలో సాగి.

"ఇది ఉరుకుంద ముసల్ది పొడిసిన తేలు. అదే సెయ్యి, నాకు తెల్దా. మరి దీని తోకేమాయ?"

"జీడి పెట్టి కాల్సుకుంటిని."

"యాల?"

"నర్సు ఉద్యోగానికి బాగుండదని."

"ఉద్యోగానికి తోక అడ్డమొచ్చెనా?" మారెమ్మ ఆమె ముఖంలోకి జాలిగా చూసింది. "తోక లేకుంటే అది తేలెట్లయితాది మ్మే. ఎండ్రకాయ." ఆ మాట అంటూనే గడపలోంచి పక్కకు జరిగి, "పో, లోపలికి పో. యేన్నీళ్ళు కాగినాయి" అంది.

పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. కష్టమైన కాన్పేమీ కాదు. భయపడి బిగుసుకుపోయిన పిల్లకు ధైర్యం చెప్పే మనిషి కావలసివచ్చింది, అంతే. మంత్రసాని ఉండి ఉంటే ఆమె కూడా చేసేదే. అయితే హుసేనమ్మకు ఆ మధ్యాహ్నం చాలాకాలం గుర్తుండిపోయింది. బిడ్డను కడిగి తల్లి పక్కన పడుకోబెట్టి వాకిట్లోకి వచ్చినప్పుడు, తడి చేతులకు గాలి తగిలింది. గడప దాటినా ఆమె రవిక దించలేదు. మర్చిపోయానని తనకు తాను చెప్పుకుంది.

మరుసటి వారంనుంచి బండ్లు కట్టుకొని రాసాగారు. కుష్టు పుకారు ఎంత వేగంగా పాకిందో పచ్చ కబురు అంతకంటే వేగంగా పాకింది. కాన్పుకు రాని వాళ్ళు కూడా వచ్చారు, తేలును చూడటానికి. నీది ఏ జాతరలో, నాది ఏ జాతరలో అని మొదలై, నీకెందరు, నాకెందరు అనే దాకా మాటలు సాగేవి. నొప్పులు పడే పిల్లలు ఆమె చేతి మీది కోళ్ళను లెక్కపెడుతూ పండ్లు బిగించేవారు. నెమళ్ళని చెప్పడం హుసేనమ్మ ఎప్పుడో మానేసింది.

కేంద్రం నిండిపోయిందని తెలిసి, ఈసారి ఎందుకు నిండిందో చూడటానికి శాంతకుమారి ముందు కబురు చేయకుండా వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే మోచేతుల దాకా పచ్చతో, చంకలో పసిబిడ్డతో హుసేనమ్మ ఎదురైంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బిడ్డ చంకలో ఉండగా రవిక దించడం కుదరదు. శాంతకుమారి నోరు తెరిచేలోపు, మనవరాలికి మందు కోసం వచ్చి కూర్చున్న మారెమ్మ ఆమె చేయి పట్టుకుంది. ఇస్త్రీ రవిక కింద తెల్లగా, ఒక్క చుక్కైనా లేని చేయి.

"ఈయమ్మ ఎవురు?" అని హుసేనమ్మను అడిగింది.

"మా పెద్ద నర్సమ్మ అవ్వా. ఆదోనినుంచి వచ్చినారు."

"పెద్ద నర్సమ్మనా?" మారెమ్మ నమ్మలేదు. ఆ చేతిని అటూ ఇటూ తిప్పి వెతికింది. "మరి బోసిగా ఉండాయి గదా సేతులు. ఏం తల్లీ, మీ యమ్మ ఒక్క సుక్కన్నా పొడిపిచ్చలేదా నీకు? పేదోళ్ళా మీరు?"

శాంతకుమారి ఏదో చెప్పబోయింది. తన చదువు సంగతా, తమ వైపు ఆచారం సంగతా, మతం సంగతా, ఏది ముందు చెప్పాలో తేల్చుకోలేకపోయింది.

"మా వైపు పొడిపించరు అవ్వా" అంది చివరికి.

"ఏమో తల్లీ. రేపు పైకి పోయినప్పుడు ఉత్తసేతులతో ఎట్ల పోతావో" అని నిట్టూర్చి, కాస్త ధైర్యం చెప్పినట్టు ఆమె వీపు నిమిరింది. "దిగులు పడగాకు. ఇప్పుడు పొడిపిచ్చుకున్యా తప్పు లేదులే."

గదిలో బాలింతలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. శాంతకుమారి ఆ రోజు చాలా శ్రద్ధగా మంచాలు చూసింది, మందుల బీరువా చూసింది, కాగే నీళ్ళు చూసింది. హుసేనమ్మ చేతులు తప్ప అన్నీ చూసింది. బస్సు దగ్గరికి సాగనంపడానికి వచ్చినప్పుడు మాత్రం అంది.

"రవికలు చినిగిపోయాయా?"

"లేదు సిస్టరమ్మా. ఉండాయి."

"ఒకటి ఇస్త్రీ చేసి ఉంచుకో. ఇకనుంచి కమిటీవాళ్ళు ఎప్పుడొచ్చినా ముందురోజు కండక్టరుతో కబురు చేస్తాను."

కమిటీతో ఆమె, ఎమ్మిగనూరులో పని బాగుంది, దుస్తుల విషయంలో అంతా పద్ధతి ప్రకారమే ఉంది అని చెప్పిందట. కమిటీ పెద్దమనుషులు తనిఖీకి వచ్చినప్పుడు నిండుచేతుల రవికలోని నర్సును చూసి, చక్కని కట్టుబొట్టు వల్లనే పల్లె జనానికి గురి కుదిరిందని తీర్మానించుకొని పోయారు.

కథ ఇక్కడితో అయిపోతే హుసేనమ్మకు సుఖంగానే ఉండేది. మరో రెండేళ్ళకు ఎండాకాలంలో ఒక తల్లి తన కూతుర్ని ఎత్తుకొచ్చింది. పిల్ల చేయి మోచేతి దాకా వాచి చీము పట్టింది. ఎమ్మిగనూరు సంతలో పచ్చ పొడిపించారట. "మీకు తేలుండాది గదా నర్సమ్మా, అట్లాంటిదే కావాలని మూడుదినాలు ఏడ్సింది" అంది తల్లి. హుసేనమ్మ ఆ చేయి కడిగి, చీము తీసి, కట్టు కట్టింది. పిల్ల బతికింది. అందుకు బండి కట్టి ఆదోని పంపవలసి వచ్చింది.

అప్పటినుంచి ఆమె బాలింతలకు చెప్పే మాటల్లో కొత్తమాట చేరింది. పిల్లలకు పచ్చ పొడిపించవద్దు, ఒకే సూది అందరికీ గుచ్చుతారు, చీము పడుతుంది. మోచేతుల దాకా పచ్చ నిండిన చేతులూపుతూ ఈ మాట చెబుతుంటే ఆడవాళ్ళు నవ్వేవారు. "నీకుండొచ్చు, మా పిల్లోళ్ళకు వద్దా?" అనేవారు. తనను నమ్మడానికి కారణమైనదాన్నే నమ్మవద్దని చెప్పడం ఎంత కష్టమో హుసేనమ్మకు అప్పుడు తెలిసింది. కప్పుకోమన్నప్పుడు శాంతకుమారికి కూడా ఇట్లాగే ఉండేదా అని మొదటిసారి అనుకుంది.

అయినా కొందరు మానుకున్నారు. మానుకున్నది కొందరే గాని, సంతలో పచ్చలు పొడిచే దేవక్కకు ఆ కొందరే బతుకు. ఒకనాడు ఆమె గంప నెత్తిన పెట్టుకొని కేంద్రానికే వచ్చేసింది. నడివయసు మనిషి, గట్టి గొంతు.

"నా కూట్లో మన్ను పోస్తాండావంట గదా నర్సమ్మా. నీ సేతులు సూసుకోని మాట్లాడు. మా యింటోళ్ళు పొడవకుంటే నీకు తేలు యాడిది?"

"నీ మీద కోపం లేదక్కా. పిల్ల సావుదాకా పోయినాది."

"నా సూది ఏం జేసె? నా తల్లి సూది అది."

"అదే నేను సెప్పేది. మీ యమ్మ నాటినుంచి అది నీళ్ళల్లో ఉడికినాదా?"

దేవక్క గంప దించింది. సూదులు ఉడకబెట్టడం ఆమె ఎన్నడూ వినలేదు. హుసేనమ్మ లోపలికి పిలిచి, ఇంజెక్షను సూదులు గిన్నెలో బుడబుడ మరుగుతుంటే చూపించింది. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి, పని కాగానే మళ్ళీ గిన్నెలోకి. దేవక్క గుమ్మంలో గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. "ఇంతేనా?" అంది. హుసేనమ్మ ఇంతేనంది. పచ్చ పొడవడమే మానుకొమ్మని చెప్పాలనుకుంది గాని, మానుకొని ఏం తినాలని ఆమె అడిగితే చెప్పడానికి తన దగ్గర మాట లేదు.

ఆపై సంతనాడు కూరగాయలకు పోయిన హుసేనమ్మకు, ఉల్లిగడ్డల వరస దగ్గరే దేవక్క గొంతు వినిపించింది.

"రాండమ్మా రాండి, ఆస్పత్రి పచ్చ. మన నర్సమ్మ సెప్పినట్టు ఉడకబెట్టిన సూదులు. సీము పట్టదు, వాపు రాదు. నర్సమ్మ సేతి తేలు, అదే తేలు, తోకతో సహా."

మూడు రాళ్ళ పొయ్యి మీద సత్తుగిన్నెలో సూదులు మరుగుతున్నాయి. ముందు వరసలో ఆడపిల్లలు, వెనక తల్లులు. తన మాట విని మానుకున్న తల్లులు కూడా ఆ వరసలో ఉన్నారు. ఒకామె హుసేనమ్మను చూసి దారిచ్చింది.

"నర్సమ్మా, నువ్వే వచ్చినావు, మంచిదాయె. ఈ సూదులు మంచివేనా, సూసి సెప్పు."

హుసేనమ్మ పొయ్యి దగ్గరికి వచ్చింది. కాదంటే అబద్ధం. అవునంటే ఇన్నాళ్ళు చెప్పిన మాట గంగలో కలుస్తుంది. గిన్నెలోకి వంగి చూసింది. నీళ్ళు ఇంకా బాగా మరగలేదు.

"ఇంకా సేపు కానీ. బుడగలు పెద్దవి రావల్ల" అంది. అని ఊరుకోలేకపోయింది. వదిలిపోతే దేవక్క తొందరపడి తీసేస్తుందేమోనని, కూరగాయల సంచి పక్కన పెట్టి, రవిక చేతులు పైకి తోసుకొని పొయ్యి ముందు కూర్చుంది. పుల్లలు ఎగదోసింది. ఉడికిన సూదిని ఏ గుడ్డ మీద పెట్టాలో చూపించింది. ఒక పిల్లకు గుచ్చిన సూదిని దేవక్క ఇంకో పిల్ల దగ్గరికి తీసుకుపోతుంటే చేయి పట్టుకొని ఆపింది.

నర్సమ్మే దగ్గరుండి పొడిపిస్తోందన్న కబురు సంత ఆ కొసదాకా పోయింది. ఆ రోజు దేవక్కకు పొద్దుగూకేదాకా తల ఎత్తే తీరిక లేదు. హుసేనమ్మ కూరగాయలు కొనకుండానే ఇంటికి పోయింది.